గది అద్దె దాటితే ఇంప్లాంట్ డబ్బు కూడా కోస్తారా?

అందరికీ నమస్కారం. అమ్మకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. ఆరోగ్య బీమా పాలసీలో గది అద్దెకి పరిమితి ఉంది, కానీ ఆరోజు అంతకన్నా ఖరీదైన గదే దొరికింది. అద్దెలో తేడా మేం కట్టుకోవడం న్యాయమే. తీరా క్లెయిమ్ సెటిలయ్యాక చూస్తే సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజుతో పాటు మందులు, ఇంప్లాంట్ ఖర్చు కూడా గది అద్దె దాటిన నిష్పత్తిలోనే కోసేశారు. డాక్టర్ ఫీజు గదిని బట్టి మారుతుందంటే సరే, మోకాల్లో వేసిన ఇంప్లాంట్‌కి గదితో ఏం సంబంధం? పాలసీ పత్రంలో ‘అనుబంధ వైద్య ఖర్చులు’ (గది అద్దె దాటితే ఇలా నిష్పత్తిలో కోసే ఖర్చులు) అన్నచోట మందులు, ఇంప్లాంట్లు వాటి కిందకి రావని స్పష్టంగా ఉంది. ఖర్చు టెన్షన్‌తో అమ్మ ఫిజియోథెరపీ కూడా వద్దంటోంది.

ఆ నిబంధన చూపిస్తూ ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలా, నేరుగా బీమా ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చా? ఆస్పత్రి నుంచి విడివిడి బిల్లులు కాక ఇంకేం కాగితాలు తీసుకోవాలి? ఇలా కోసిన డబ్బు తిరిగి రాబట్టుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.