బ్రౌజర్ నోటిఫికేషన్లు మొత్తం ఆపేయాలా, సైటు సైటుకీ చూసుకోవాలా?

గోదారిగట్టు
నాన్నగారు రాజమండ్రిలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. పోయిన నెల ఫోన్ చేసి "కంప్యూటర్‌కి వైరస్ పట్టిందిరా, కుడిపక్క కింద ఎర్రగా వచ్చి పోతోంది" అన్నారు. సాయంత్రం చూస్తానన్నాను. ఆయన టెన్షన్ ఆపుకోలేక దగ్గర్లోని షాపుకి పట్టుకెళ్లారు. వాళ్లు మొత్తం ఫార్మాట్ కొట్టి 800 తీసుకున్నారు. డి డ్రైవ్‌లో అమ్మ ఫొటోలు ఉండేవి, అవీ పోయాయి.

వారం తిరక్కుండా అదే ఎర్ర డబ్బా మళ్లీ వచ్చింది. అప్పుడు ఇక్కడినుంచే ఆ సిస్టమ్‌లోకి వెళ్లి చూశాను. అసలది వైరస్సే కాదు. సీరియళ్లు చూసే ఏదో సైటు "మీరు రోబో కాదని తేలాలంటే అలౌ నొక్కండి" అంటే నొక్కారు. ఆ ఎర్ర డబ్బా అలా అనుమతి దొరికిన సైటు పంపే నోటిఫికేషనే. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అక్కడ అలౌ జాబితాలో 11 సైట్లున్నాయి. అన్నీ తీసేసి, ఇకమీదట ఏ సైటూ నోటిఫికేషన్లకి అనుమతి అడగకుండా పెట్టేశాను. ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ల కంప్యూటర్లో ఇలాగే చేయాలన్నది నా మాట.

పాతమాస్టారు
ఫొటోలు పోవడం బాధాకరం. మీ మాట మాత్రం ఒప్పుకోను. ఆ మీట కొత్త సైట్లు అడగకుండా చేస్తుందంతే, ముందే అలౌ అయినవాటిని ముట్టుకోదు. దాన్ని 'మొత్తం ఆపడం' అనకూడదు.

గోదారిగట్టు
పాతవి నేనే తీసేశానని రాశాను కదండీ.

పాతమాస్టారు
ఏది పనికొచ్చేదో ఏది కాదో చూడకుండా తీసేశారు. నేను చెప్పేదీ అదే.

నైట్‌షిఫ్ట్
క్రోమ్ వదిలి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి మారండి. 2020 జనవరిలో వచ్చిన 72వ వెర్షన్ నుంచి, మనం పేజీలో ఏదైనా నొక్కితే తప్ప ఆ అడిగే పెట్టె ఎదురుగా రాదు.

గోదారిగట్టు
నొక్కించడమే కదా ఆ సైట్ల పని! 'ప్లే' బొమ్మ పెడతారు, నాన్న నొక్కుతారు, పెట్టె వస్తుంది. ఫైర్‌ఫాక్స్ వాళ్లే 2019లో లెక్క చూస్తే, నూటికి 99 సార్లు జనం ఒప్పుకోవట్లేదని తేలింది. అంతమందికి అక్కర్లేనిది ఇంకా ఎందుకు అడగనివ్వాలి?

పాతమాస్టారు
ఆ మిగిలిన ఒక్కడినీ నేనే. రిటైరయ్యాక ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. క్లాసుకి పది నిమిషాల ముందు క్యాలెండర్ మూలన కనిపించి గుర్తు చేస్తుంది. ఒకరోజు రాలేదు. ఇద్దరు పిల్లలు 40 నిమిషాలు నాకోసం చూసి వెళ్లిపోయారు. ఒక పిల్ల తల్లి ఫోన్ చేసి "మీకు ఒంట్లో బాగాలేదేమో, మానేద్దాం మాస్టారూ" అంది. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

ల్యాబ్‌అక్క
విండోస్ సెట్టింగ్స్‌లోనే ఆఫ్ అయి ఉంటుందండి. ఒకసారి చూడండి.

పాతమాస్టారు
రెండు రోజులు అదే చూశానమ్మా. అక్కడ బాగానే ఉంది.

సర్వర్‌రూమ్
తెలియనివాళ్ల కోసం ఒక మాట. అలౌ కొట్టగానే ఆ సైటు చిన్న ప్రోగ్రామ్ ఒకటి బ్రౌజర్‌లో పెట్టుకుంటుంది. అందుకే ట్యాబ్ మూసినా నోటిఫికేషన్ వస్తుంది. యాంటీవైరస్‌కి ఏమీ దొరకకపోవచ్చు, ఎందుకంటే అనుమతి మనమే ఇచ్చాం. ఇద్దరి మాటా కుదురుతుంది: కొత్తవి అడగకుండా పెట్టి, మెయిల్, క్యాలెండర్ అడ్రస్‌లు మాత్రం చేత్తో అలౌ జాబితాలో చేర్చుకోండి.

గోదారిగట్టు
అది మాస్టారికి కుదురుతుంది. ఆయన చదువుకున్నారు, కంప్యూటర్ తెలుసు. మా నాన్నకి ఏది నొక్కాలో తెలియదు. మాస్టారూ, తెలియనివాళ్ల సంగతి మీకు అర్థం కావట్లేదు.

పాతమాస్టారు
తెలియదని మీరెలా తేల్చేశారు? ఇందాక చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. నా క్యాలెండర్ ఆపింది నా కొడుకే. బెంగళూరులో కూర్చుని నా సిస్టమ్‌లోకి వచ్చి, మీరు చేసినట్టే జాబితా మొత్తం తుడిచేశాడు. నాకు మంచి చేశాననుకున్నాడు. నాతో ఒక్క మాట అనలేదు. నా వయసుకి మతిమరుపు వచ్చిందేమోనని నేను రెండు రోజులు భయపడ్డాను. మూడో రోజు ఫోన్లో, "అదా, నేనే తీసేశాను నాన్నా" అన్నాడు. మీరు మీ నాన్నగారికి చెప్పారా, లేదా? అది చెప్పండి ముందు.

నైట్‌షిఫ్ట్
మాస్టారూ, కోపం వద్దండీ.

గోదారిగట్టు
చెప్పలేదు.

చెబితే అది వైరస్ కాదని తెలుస్తుంది. అలౌ నొక్కింది తనేననీ, అమ్మ ఫొటోలు ఊరికే పోయాయనీ తెలుస్తుంది. ఇప్పుడు షాపువాణ్ణి తిట్టుకుంటూ ఉన్నారు. ఆ మాట నా నోటితో ఎలా చెప్పను? అందుకే ఆయన ఇంకెప్పుడూ ఆ పెట్టె చూడకూడదని అన్నీ మూసేశాను.

పాతమాస్టారు
నేను గట్టిగా అన్నాను నాయనా, ఏమనుకోకు.

సెలవు దొరికినప్పుడు వెళ్లి పక్కన కూర్చో. ఆ డబ్బాలో పెద్ద అక్షరాల కింద సన్నగా సైటు అడ్రస్ ఉంటుంది. దాన్ని చూపించు. వైరస్ హెచ్చరిక అయితే కింద సీరియల్ సైటు పేరెందుకు ఉంటుందని ఆయన్నే అడుగు. ఒక్కసారి చూస్తే పట్టేస్తారు. ఫొటోల మాట ఎప్పుడు చెప్పాలో నీకే తెలుస్తుంది.

సర్వర్‌రూమ్
ఫొటోల సంగతి ఆగండి. అది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా (చిప్‌లలో దాచుకునే కొత్త రకం)? మామూలు హార్డ్ డిస్క్ అయి, క్విక్ ఫార్మాట్ (పైపైన తుడిచేది) కొట్టి ఉంటే, పాత ఫైళ్ల మీద కొత్తవి రాయనంతవరకు కొన్నైనా తిరిగి రావచ్చు. ముందు ఆ మిషన్ వాడటం ఆపించండి. ఏ సాఫ్ట్‌వేరూ అందులో ఎక్కించొద్దు, డిస్క్ ఊడదీసి వేరే సిస్టమ్‌కి తగిలించి వెతకాలి.

గోదారిగట్టు
హార్డ్ డిస్కే, 2016లో కొన్నది. నాన్నకి ఫోన్ చేస్తున్నాను. ప్లగ్ తీసేయమని చెప్పాలి, ఎందుకో కూడా చెప్తాను.