బ్లాక్ కాన్యన్‌లో ఒక రాత్రి: టెంట్ ఎంత ఎత్తున వేయాలి?

నవంబరులో నేనూ మా బావా అమెరికాలోని కొలరాడో నదిలో, బ్లాక్ కాన్యన్ అనే లోయ గుండా, హూవర్ డ్యామ్ కింద నుంచి విల్లో బీచ్ దాకా కయాక్‌లలో (తెడ్డుతో నడిపే చిన్న పడవల్లో) వెళ్దామనుకుంటున్నాం. దూరం 12 మైళ్లే, మధ్యలో ఒక రాత్రి ఒడ్డున మకాం. పర్మిట్ సంగతి చూసుకున్నాం.

నా భయమల్లా నీటిమట్టం గురించే. డ్యామ్ నుంచి వదిలేదాన్ని బట్టి నది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కదా. పడుకునేటప్పుడు టెంట్ ఎంత ఎత్తున ఉంటే నిశ్చింత? రాళ్ల మీది తడి గీతను నమ్మొచ్చా? అక్కడ రాత్రి ఉన్నవాళ్లు కయాక్‌లను దేనికి కట్టారు? టెంట్‌కు ఇసుకలో మేకులు నిలుస్తాయా, రాళ్లు కట్టాలా?

ఎదురుగాలి లేస్తే ఆగిపోవడమేనా? నీళ్లు ఏడాదంతా చల్లగానే ఉంటాయి కాబట్టి చలి ఆపే వెట్‌సూట్ తప్పదేమో.

దారిలోని వేడినీటి ఊటల్లో ముక్కులోంచి మెదడుకు చేరే అమీబా ఉండొచ్చు, తల ముంచొద్దని బావకి చెప్పాను. వినేలా లేడు, మీరైనా చెప్పండి.