ఆస్ట్రేలియాలో వైకల్య ఉపాధి సేవల టెండర్లు: ఫీజులు ముందే ఖరారైనప్పుడు చిన్న సంస్థ దేనిమీద పోటీ పడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. విక్టోరియా రాష్ట్రంలోని ఒక ప్రాంతీయ పట్టణంలో లాభాపేక్ష లేని చిన్న సంస్థలో నేను పనిచేస్తున్నాను. వైకల్యం ఉన్నవారికి ఉద్యోగాలు చూపించడం, వారు ఉద్యోగంలో చేరాక కూడా వెన్నంటి ఉండడం మా పని. డిజెబిలిటీ ఎంప్లాయ్‌మెంట్ సర్వీసెస్ పథకం స్థానంలో 2025 నవంబరు 1 నుంచి ఇన్‌క్లూజివ్ ఎంప్లాయ్‌మెంట్ ఆస్ట్రేలియా అనే కొత్త పథకం అమలులోకి వచ్చిన సంగతి ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలిసిందే. ఈ సేవలు అందించే సంస్థలను ఎంచుకోవడానికి ప్రభుత్వం పెట్టిన టెండరులో మేమూ బిడ్ వేశాము. మా ప్రాంతం కాంట్రాక్టు మాకు దక్కలేదు. ఏళ్ల తరబడి మా దగ్గర సేవ పొందినవారు వేరే సంస్థల చేతికి వెళ్లారు.

నిర్ణయాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, దాని వెనుక ఉన్న పద్ధతిని అర్థం చేసుకోవాలనుకుంటున్నాను. ఈ సేవలకు చెల్లించే ఫీజులను ప్రభుత్వమే ముందుగా నిర్ణయిస్తుంది కాబట్టి, రోడ్డు పనుల్లో లాగా తక్కువ రేటు కోట్ చేసి కాంట్రాక్టు గెలుచుకునే వీలు ఎవరికీ లేదు. అలాంటప్పుడు ఒక బిడ్‌ను పైన పెట్టి ఇంకొక బిడ్‌ను కింద పెట్టేది ఏమిటి? తరువాతి విడతకు మేము ఒంటరిగా వెళ్లడం మంచిదా, మరికొన్ని సంస్థలతో కలిసి కన్సార్టియంగా వెళ్లడం మంచిదా, లేక పెద్ద సంస్థ కింద సబ్ కాంట్రాక్టు తీసుకోవడం మంచిదా? అసలు మనుషుల మధ్య నమ్మకం మీద నడిచే ఇలాంటి సేవకు టెండరు పద్ధతి సరిపోతుందా అన్న సందేహం కూడా నన్ను వేధిస్తోంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం (గతంలో ప్రభుత్వ కొనుగోళ్ల విభాగంలో పనిచేసినవారు)

నమస్కారమండి. మీరు చెప్పిన టెండరుతో నాకు ఏ సంబంధమూ లేదు కాబట్టి దాని జోలికి పోకుండా, మూల్యాంకనం ఎలా జరుగుతుందో మాత్రమే చెబుతాను.

ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వ శాఖల కొనుగోళ్లు కామన్వెల్త్ ప్రొక్యూర్‌మెంట్ రూల్స్ అనే నియమాలకు లోబడి జరుగుతాయి. పెట్టిన డబ్బుకు తగిన ప్రయోజనం రావాలన్నది వాటికి ఆయువుపట్టు. ఫీజు అందరికీ ఒకటే అయినప్పుడు ఆ ప్రయోజనాన్ని తూచడానికి మిగిలేది నాణ్యత ఒక్కటే. అయితే ఆ నాణ్యతను కూడా మూల్యాంకనం చేసేవారు మీ కాగితాల్లోనే చూడాలి. మీ సంస్థ మంచిదని కమిటీలో ఒకరికి స్వయంగా తెలిసి ఉన్నా, ఆ సంగతి బిడ్‌లో లేకపోతే దానికి మార్కులు వేయడానికి వీల్లేదు. టెండరు పత్రంలో ముందుగా ప్రకటించిన ప్రమాణాలకే వారు కట్టుబడి ఉండాలి. బయటినుంచి చూసేవారికి ఇది అన్యాయంగా అనిపించవచ్చు గాని, తెలిసినవారికి కాంట్రాక్టులు కట్టబెట్టకుండా అడ్డుకునేది కూడా ఈ నియమమే.

చిన్న సంస్థలు చాలావరకు ఇక్కడే నష్టపోతాయి. "స్థానిక యాజమాన్యాలతో మాకు దృఢమైన సంబంధాలు ఉన్నాయి" అన్న వాక్యం లేని బిడ్ ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. అందరూ రాసిన మాటకు ఎవరికీ అదనపు మార్కు రాదు. అదే విషయాన్ని ఇలా రాశారనుకోండి: ఒక గిడ్డంగిలో ప్యాకింగ్ పనికి మనిషి కావాలని కబురు వస్తే, మా ఉద్యోగి ముందుగా ఒక షిఫ్టు మొత్తం అక్కడే ఉండి, ఏ పనికి చదవడం అవసరమో, ఏ పని నిలబడి చేయాలో, శబ్దం ఏ మూల ఎక్కువగా ఉంటుందో, విరామానికి ఎటు వెళ్లాలో రాసుకుంటారు, ఆ కాగితాన్ని అభ్యర్థితో కలిసి చదివిన తరువాతే దరఖాస్తు పంపుతారు, చేరిన మొదటి నెలలో సూపర్‌వైజరుతో వారానికొకసారి మాట్లాడతారు, ఇలా చేరినవారిలో ఏడాది తరువాత ఇంతమంది అదే పనిలో ఉన్నారు. ఇది చదివిన మూల్యాంకనదారుకు మీరు ఏం చేస్తారో కళ్ల ముందు కనిపిస్తుంది, చివరి అంకెతో దానికి రుజువు కూడా దొరుకుతుంది. ప్రతి జవాబుకూ అక్షరాల పరిమితి ఉంటుంది కాబట్టి, సంస్థ చరిత్రకూ ఆశయాలకూ సగం చోటు ఇచ్చేస్తే అసలు చెప్పవలసినదానికి చోటు మిగలదు.

ఇంకొక మాట. ఓడిన బిడ్డరు అడిగితే వివరణ సమావేశం ఏర్పాటు చేయాలని ఆ నియమాలే చెబుతున్నాయి. మీరు ఇంకా అడగకపోతే వెంటనే రాతపూర్వకంగా అడగండి. గెలిచినవారి బిడ్‌లో ఏముందో చెప్పరు గాని, ప్రమాణాల వారీగా మీ జవాబుల్లో బలం ఎక్కడుందో, లోపం ఎక్కడుందో చెబుతారు. తరువాతి బిడ్‌కు అంతకు మించిన ముడిసరుకు మరొకటి ఉండదు.

రెండవ సమాధానం (సేవాసంస్థల ఆర్థిక వ్యవహారాలు చూసేవారు)

పైవారు చెప్పినదంతా ఒప్పుకుంటాను. కన్సార్టియం గురించి అడిగారు కాబట్టి ఆ భాగానికి నేను జవాబు చెబుతాను.

ఒంటరిగా వెళ్లాలా వద్దా అన్నది ముందుగా మీ ఖజానా తేల్చాలి. పాత పథకం 2018 జూలై 1 నుంచి నడిచిన రూపంలో సేవకు మూడు నెలలకొకసారి కొంత ఫీజు వచ్చేది, మిగతా ఆదాయం ఫలితాన్ని బట్టి, అంటే మనిషి ఉద్యోగంలో 4, 13, 26, 52 వారాలు నిలదొక్కుకున్నప్పుడు వచ్చేది. కష్టతరమైన పరిస్థితుల్లో ఉన్నవారి కోసం పనిచేస్తే ఎక్కువ సొమ్ము వచ్చేలా ఫీజులను స్థాయిలుగా విభజించారు కూడా. ఏర్పాటు కాగితం మీద సబబుగానే ఉంటుంది. కానీ ఈ రోజు జీతం ఇచ్చి ఉద్యోగిని పెట్టుకుంటే, ఆ ఉద్యోగి శ్రమకు చివరి ప్రతిఫలం ఏడాది దాటాక గాని రాదు. పెద్ద సంస్థకు వేర్వేరు ప్రాంతాలనుంచి ఏదో ఒక వాయిదా అందుతూనే ఉంటుంది, ఒకే ప్రాంతంలో పనిచేసే చిన్న సంస్థ ఆ మధ్యకాలాన్ని సొంత నిల్వలతో ఈదాలి. బిడ్ల ఆర్థిక స్థోమతను విడిగా పరిశీలించడానికి కారణం ఇదే. కాంట్రాక్టు తీసుకున్న సంస్థ మధ్యలో చేతులెత్తేస్తే, నష్టపోయేది సేవ పొందేవారే.

కన్సార్టియం పెట్టుకుంటే ఈ భారాన్ని పంచుకోవచ్చు. అయితే టెండరు ప్రకటన వెలువడిన తరువాత భాగస్వాములను వెతుక్కోవడం మొదలుపెడితే గడువంతా ఒప్పందం రాసుకోవడానికే సరిపోతుంది. ఎవరు ముందుండాలి, నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలి, ఒక భాగస్వామి పనితీరు పడిపోతే మిగతావారు ఏం చేయాలి అన్నవి ప్రకటనకు చాలా ముందే తేలిపోవాలి.

సబ్ కాంట్రాక్టు విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండమంటాను. టెండరు పెట్టే ప్రభుత్వ శాఖ దృష్టిలో కాంట్రాక్టు పెద్ద సంస్థది, ఫలితాలు కూడా దాని ఖాతాలోనే పడతాయి. నాలుగేళ్లు మీరు పనిచేసి, తరువాతి టెండరులో సొంతంగా నిలబడాలనుకుంటే మీ పేరున చూపించడానికి అంకె ఒక్కటీ ఉండకపోవచ్చు. కాబట్టి మీ ద్వారా ఉద్యోగాల్లో చేరినవారి ఫలితాలను, పేర్లు లేని అంకెల రూపంలో, మీరు విడిగా చూపించుకునే హక్కు ఉంటుందని ఒప్పందంలోనే రాయించుకోండి. అలా రాయడానికి ఒప్పుకోని సంస్థ కింద పనిచేయకపోవడమే మేలని నా అభిప్రాయం.

మూడవ సమాధానం (సేవ పొందుతున్న వ్యక్తి అక్క)

నేను ఈ రంగంలో ఉద్యోగిని కాను. మా తమ్ముడికి ఆటిజం ఉంది. అందుకే మీ చివరి ప్రశ్నకు మా ఇంటి వైపునుంచి జవాబు చెప్పాలనిపించింది.

మా తమ్ముడు ఒక నర్సరీలో మొక్కల కుండీలు సర్దే పని చేస్తాడు. అక్కడ పెట్టిన కొత్తల్లో, రోజుకో పని చెబితే వాడు కంగారుపడి పని వదిలేసి వచ్చేసేవాడు. మాకు సాయపడిన ఉద్యోగిని అక్కడి మేనేజరుతో మాట్లాడి, ఆ రోజు చేయవలసిన పనులను వరుసగా బొమ్మలు గీసిన ఒక అట్ట మీద పెట్టించింది. పని పూర్తికాగానే వాడు ఆ బొమ్మను తిరగేస్తాడు. లారీ వెనక్కి వచ్చేటప్పుడు మోగే శబ్దం వాడికి పడదని గమనించి, సరుకు దిగే వేళకు వాణ్ణి లోపలి షెడ్డులోకి పంపేలా చూసింది. ఇవేవీ ఎవరూ రాయమని అడగని విషయాలు, ఆమెకూ మేనేజరుకూ మధ్య మాటల్లోనే ఉండిపోయాయి.

కాంట్రాక్టు మారి వేరే సంస్థ వచ్చినప్పుడు వాడి ఫైలు సక్రమంగానే చేరింది. వైకల్యం పేరు, వారానికి ఎన్ని గంటలు పనిచేయగలడు, ఏ తేదీన చేరాడు, అన్నీ అందులో ఉన్నాయి. బొమ్మల అట్ట సంగతి లేదు, లారీ సంగతి అసలే లేదు. కొత్తగా వచ్చిన ఉద్యోగి మంచివాడే, కానీ మా తమ్ముడి గురించి మొదటినుంచీ మేమే చెప్పుకోవలసి వచ్చింది. మా ఇంట్లో చెప్పగలిగేవాళ్లం ఉన్నాము కాబట్టి సరిపోయింది. తన గురించి తాను చెప్పుకోలేక, ఇంట్లో అడిగేవారూ లేనివారి పరిస్థితి తలచుకుంటే భయం వేస్తుంది. టెండరు పెట్టవద్దని నేను అనలేను. కానీ సంస్థ మారినప్పుడు పాత ఉద్యోగీ కొత్త ఉద్యోగీ కలిసి ఒక్కసారైనా పనిచోటుకు రావాలన్న షరతు కాంట్రాక్టులో ఎందుకు ఉండకూడదు?

నాల్గవ సమాధానం (ప్రభుత్వ విధానాలు చదివే విద్యార్థి)

అక్కగారు అడిగిన ప్రశ్నే ఈ చర్చకు అసలు కేంద్రమని నా నమ్మకం. ఈ వాదన కొత్తది కూడా కాదు. డిజెబిలిటీ ఎంప్లాయ్‌మెంట్ సర్వీసెస్ 2010 మార్చి 1న మొదలైంది. మరుసటి ఏడాదే, ఆ సేవల నిర్వహణ మీదా కొనుగోలు మీదా సెనేట్ కమిటీ ఒకటి ప్రత్యేకంగా విచారణ జరిపింది. బాగా పనిచేస్తున్న సంస్థలను కూడా మళ్లీ టెండరులోకి లాగితే ఏళ్ల తరబడి అల్లుకున్న సంబంధాలు తెగిపోతాయన్న ఆందోళన అప్పుడు గట్టిగా వినిపించింది. ఆ తరువాతి కొనుగోలులో పనితీరును బట్టి ఇచ్చిన స్టార్ రేటింగ్‌లో 4, 5 నక్షత్రాలు ఉన్న సంస్థలకు కొనసాగే ఆహ్వానం ఇచ్చి, మిగతా పనిని టెండరుకు పెట్టారు. కొత్త కాంట్రాక్టులు 2013 మార్చిలో మొదలయ్యాయి. పనితీరును లెక్కలోకి తీసుకున్న ఆ పద్ధతి, లోపాలు ఉన్నా, అన్నిటినీ ఒకే గాటన కట్టడం కన్నా మెరుగని నాకు అనిపిస్తుంది.

ప్రభుత్వమే స్వయంగా నడిపిన సీఆర్‌ఎస్ ఆస్ట్రేలియా కూడా ఈ రంగంలో ఉండేది. 1940ల నాటి పునరావాస సేవకు కొనసాగింపు అది. దాని చేతిలో ఉన్న పనిని కూడా టెండరుకు ఇవ్వడంతో అది 2015లో మూతపడింది. దానితో ఈ సేవ మొత్తం బయటి సంస్థల చేతికి వెళ్లిపోయింది. ప్రభుత్వం దగ్గర ఈ పని చేసిన అనుభవం ఉన్న మనుషులు లేకుండా పోయాక, బయటివారి పని బాగుందో లేదో తెలుసుకోవడానికి అంకెల మీద ఆధారపడడం మరింత పెరగడం సహజమే కదా.

2018లో మరొక దారి ప్రయత్నించారు. ఏ సంస్థకు ఎంతమంది అన్న వాటాలను తీసేసి, సేవ పొందేవారే తమకు నచ్చిన సంస్థను ఎంచుకునేలా, నచ్చకపోతే మారేలా చేశారు. ఆలోచన మంచిదే. కానీ 2020లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ అనే సలహా సంస్థ చేసిన మధ్యంతర సమీక్షలో తేలినది ఏమిటంటే, చేరినవారి సంఖ్యా ఖర్చూ బాగా పెరిగాయి గాని ఉద్యోగ ఫలితాలు ఆ స్థాయిలో పెరగలేదు. ఎంచుకునే హక్కు ఇచ్చినంత మాత్రాన ఎంచుకోవడానికి కావలసిన సమాచారం దానంతటదే చేతికి రాదు. ఒక సంస్థలో ఒక్కో ఉద్యోగి ఎంతమందిని చూసుకుంటున్నారు, ఏడాదిలో ఎంతమంది ఉద్యోగులు మానేశారు అన్నవి బహిరంగంగా ఉంటే, సేవ పొందేవారి కుటుంబాలకు నక్షత్రాల కన్నా అవే ఎక్కువ ఉపయోగపడతాయి.

కొత్త పథకంలో పనిచేసే సామర్థ్యం వారానికి 8 గంటల లోపు ఉన్నవారికి కూడా ప్రవేశం కల్పించడం, సేవ పొందడానికి ఉన్న రెండేళ్ల గడువును తొలగించడం నిజంగా మేలైన మార్పులని భావిస్తున్నాను. కానీ అలాంటివారికి సంబంధం కొనసాగడం మరింత ముఖ్యం, కాబట్టి కాంట్రాక్టు మారినప్పుడు జరిగే నష్టం కూడా వారికే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వివరణ సమావేశం కోసం ఈ రోజే రాశాను. అక్కగారు చెప్పిన సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. మా దగ్గరనుంచి వెళ్లినవారి ఫైళ్లలో కూడా అలాంటి విషయాలు ఎన్నో లేకుండానే వెళ్లి ఉంటాయి. సేవ అప్పగింతను మేము ఎలా నిర్వహిస్తామో, అంటే వచ్చేవారినీ వెళ్లేవారినీ ఎలా చూసుకుంటామో బిడ్‌లో రాస్తే దానికి విలువ ఉంటుందా, లేక అడగని జవాబు రాసినట్లు అవుతుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ప్రత్యేకంగా అడగకపోతే దానికోసం విడిగా జవాబు రాయకండి, చదివినా మార్కు వేసే చోటు ఉండదు. సేవ ఎలా అందిస్తారన్న ప్రమాణం కింద రాయండి. మొదటి నెలలో ప్రతి వ్యక్తి పనిచోటుకు వెళ్లి, పాత సంస్థ ఉద్యోగిని, యజమానిని, ఆ వ్యక్తి ఒప్పుకుంటే కుటుంబాన్ని కలిసి, పనిచోట ఉన్న ఏర్పాట్లను ఒక పేజీలో రాసి ఆ వ్యక్తికే ఇస్తామని చెప్పండి. ఎంతమంది ఉద్యోగులతో, ఎన్ని వారాల్లో చేయగలరో కూడా లెక్క చూపండి. టెండరు పత్రం ముసాయిదాను అభిప్రాయాల కోసం ముందుగా విడుదల చేస్తే, అక్కగారు చెప్పిన షరతును శాఖకు రాతపూర్వకంగా పంపడానికి అదే సరైన సమయం. సంస్థలతో పాటు కుటుంబాలు కూడా రాయవచ్చు.