తల్లికి వందనం: పదెకరాల మెట్ట ఉంటే ఉన్నవాళ్లమేనా?

పెన్న_ఒడ్డు (అనంతపురం): మా తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు అమ్మ ఖాతాలో పడలేదు. సచివాలయంలో అడిగితే మెట్ట భూమి పదెకరాలు దాటిందన్నారు. నిబంధన ఇదీ: మాగాణి మూడెకరాల లోపు, మెట్ట పదెకరాల లోపు, రెండూ కలిపినా పది దాటకూడదు. ధవళేశ్వరం ఆనకట్ట కింద రెండున్నర ఎకరాలున్న ఇంటికి ఏటా రెండు పంటలొస్తాయి, పథకమూ వస్తుంది. మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే, చెట్టు పీకి చూస్తే రెండు గట్టి కాయలు, మిగతావన్నీ లొట్టలు. విత్తనం ఖర్చు కూడా తిరిగిరాదు. జిల్లాను బట్టి హద్దు మారాలి.

రేగడి_చేను: మాదీ ఇదే కథ.

కేసీ_కాలువ (కడప జిల్లా): మెట్టకు మూడు రెట్లకు పైగానే ఇచ్చారు కదా! మా సంగతి చూడండి. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్లొస్తాయని కాగితాల్లో మాగాణి అని రాశారు. కాలువ చివర మా పొలానికి నీళ్లు రాని ఏడు కూడా అది మాగాణే. మూడున్నర ఎకరాలకే మా చెల్లెలికి రాలేదు. సీమ అంటే అనంతపురం ఒక్కటే కాదు.

మూడో_మీటరు: పెన్న_ఒడ్డు గారూ, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటినా పథకం రాదు, అదేమో చూసుకోండి. బోరు మోటారు ఉందా?

పెన్న_ఒడ్డు: వ్యవసాయ కనెక్షన్ వేరు. 300 లెక్క ఇంటి వాడకానిది. నేను అడిగేది భూమి గురించి.

మూడో_మీటరు: మా చిన్నాన్న పిల్లలకు కరెంటు వల్లే ఆగింది. ఒకే మీటరు మీద మూడు కాపురాలు. ముందు అది తేలాలి.

పెన్న_ఒడ్డు: దయచేసి విషయం మళ్లించకండి. డిగ్రీ ఫీజుల పథకానికి, విద్యా దీవెన అని పిలిచిన రోజుల్లో, హద్దు పది ఎకరాల మాగాణి, ఇరవై అయిదు ఎకరాల మెట్ట. ఆ లెక్కన, ఇంటర్‌లో డబ్బున్నవాడిగా లెక్కకొచ్చిన మా తమ్ముడు డిగ్రీలో చేరగానే పేదవాడవుతాడు. భూమి అదే, ఇల్లు అదే. దీనికి జవాబు చెప్పండి.

కేసీ_కాలువ: జవాబు మేం చెప్పాలా? ప్రతిదానికీ కోస్తాను చూపించి ఏడవడం మానండి. అక్కడా మూడెకరాలు దాటితే రాదు.

పెన్న_ఒడ్డు: ఏడవడమా? అప్పు చేసి విత్తనం కొనే ఇంట్లో పుట్టి ఉంటే ఆ మాట అనరు.

ఆదోని_కూలీ_బిడ్డ (కర్నూలు జిల్లా): ఇందాకటి నుంచి చదువుతున్నాను. మీరందరూ ఎకరాల గురించే కొట్లాడుతున్నారు. మాకు సెంటు భూమి లేదు. కోసిగి, కౌతాళం వైపు ఊళ్లు ఏటా మిరప కోతలకు గుంటూరు వెళ్తాయి. పిల్లలూ వెంట వెళ్తారు, ఎందుకంటే ఊళ్లో వండి పెట్టేవాళ్లు ఉండరు. తల్లికి వందనం రాకముందు ఇలాంటి సాయమే ఇచ్చిన అమ్మ ఒడి రోజుల్లో 75 శాతం హాజరు అడిగారు. నాకు అక్కడే పోయింది. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి, నేను ఇంటర్ పూర్తి చేయలేదు. మా వీధిలో ఆ వయసు ఆడపిల్లల్లో చాలామందిది ఇదే దారి. ఇది కోస్తాకూ సీమకూ మధ్య తగవు కాదన్నా. సీమలో భూమి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య ఉన్నది. మీ పొలంలో కోతకొచ్చే కూలీ బిడ్డ ఏ తరగతిలో ఆగిపోయిందో ఎప్పుడైనా అడిగారా?

పెన్న_ఒడ్డు: అడగలేదు. కానీ చెల్లెమ్మా, పదెకరాల మెట్ట రైతు కూడా కరువు ఏడు బెంగళూరులో కూలీయే. మా నాన్న అక్కడ ఇటుకలు మోశాడు. మమ్మల్ని దొరల కింద లెక్కకట్టకు.

ఆదోని_కూలీ_బిడ్డ: మీ నాన్న తిరిగొచ్చాక పొలం ఉంది. మా నాన్నకు లేదు.

రేగడి_చేను: కలెక్టరుకు అర్జీ రాద్దాం. మెట్ట హద్దు పెంచమని.

ఆదోని_కూలీ_బిడ్డ: రాయండి. వలస నెలల్లో ఇంటర్ పిల్లలకు ఊళ్లోనే వసతి, భోజనం ఇవ్వాలని కూడా అందులో ఉంటే సంతకం పెడతాను.

పెన్న_ఒడ్డు: రెండూ కలిపితే భూమి సంగతి పక్కకు పోతుంది. దానికి వేరే అర్జీ రాద్దాం.

ఆదోని_కూలీ_బిడ్డ: అలాగైతే నా సంతకం ఉండదు.