10 లీటర్ల కేసులో పీసీ: 8700జీ ప్రాసెసర్ ఒక్కటే చాలా, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలా?

కొత్తబిల్డ్: కేసు మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు బోర్డులకు సరిపోయేది), 10 లీటర్లది. పని 1080పీ గేములు, పెళ్లి వీడియోల ఎడిటింగ్. కార్డు లేకుండా, లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 7 8700జీ ప్రాసెసర్‌తో సరిపెట్టుకోవాలా, రైజెన్ 5 7600 ప్రాసెసర్‌కి ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు జోడించాలా? ఇప్పుడు 8700జీ కొని, కార్డు వచ్చే ఏడాది పెడితే?

రెండుస్టిక్కులు: చిన్న కేసుకి 8700జీయే నయం. చిప్ మొత్తం 65 వాట్ల తరగతి, ఒక్క కూలర్‌తో పోతుంది. లోపలి గ్రాఫిక్స్ 780ఎమ్‌లో 12 కంప్యూట్ యూనిట్లు (గ్రాఫిక్స్ లెక్కలు చేసే భాగాలు) ఉన్నాయి. సెట్టింగులు లో, మీడియం మధ్య పెడితే 1080పీలో చాలా గేములు నడుస్తాయి. కాకపోతే దానికి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క ర్యామ్ స్టిక్ పెడితే బ్యాండ్‌విడ్త్ (సెకనుకు అందే డేటా) సగమైపోయి ఫ్రేములు దారుణంగా పడిపోతాయి. 16 జీబీవి రెండు, డీడీఆర్5-6000 తీసుకుని బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌పో ఆన్ చేయండి, ర్యామ్ పూర్తి వేగంతో నడిచేది దానితోనే. మరిచిపోతే 4800 దగ్గరే నడవొచ్చు. అప్పుడు సెకనుకు 96 జీబీ రావాల్సిన చోట 76.8 వస్తుంది.

వాట్‌మీటర్: ఆ 96నీ ప్రాసెసరూ గ్రాఫిక్సూ పంచుకోవాలి అన్నా. 4060కి ఒక్కదానికే 272 ఉంది. కోర్లు ఎన్ని ఉన్నా ఆ తేడా పూడదు.

ముందు 8700జీ, తర్వాత కార్డు అనే దారి మాత్రం అసలు వద్దు. 8700జీలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) 16 ఎంబీ, 7600లో 32. కార్డు పెట్టాక గేముల్లో 7600యే ముందుంటుంది, 780ఎమ్ కోసం పెట్టిన డబ్బు ఊరికే పోతుంది. దాని చిన్న మోడల్ 8500జీ జోలికైతే వెళ్లకండి. కార్డుకి అది ఇచ్చేది నాలుగు పీసీఐఈ లేన్లే (ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య డేటా దారులు), 4060 వాడేది ఎనిమిది.

కరెంటు సంగతంటారా, కార్డుకి 115 వాట్లు, 7600కి గరిష్ఠంగా 88, మిగతావాటికి ఓ 50. 450 వాట్ల ఎస్‌ఎఫ్‌ఎక్స్ (చిన్న సైజు) పవర్ సప్లై హాయిగా లాగుతుంది.

రెండుస్టిక్కులు: లెక్క బాగానే ఉంది, మరి వేడి? మే నెలలో గదే 38 డిగ్రీలుంటే ఆ డబ్బాలో 200 వాట్లు ఎటు పోవాలి? 8700జీని ఎకో మోడ్‌లో (కరెంటు తక్కువ వాడే సెట్టింగులో) 45 వాట్లకు దించొచ్చు.

వాట్‌మీటర్: 7600నీ దించొచ్చు, కార్డు పవర్ లిమిట్ కూడా తగ్గించొచ్చు. అసలు చూడాల్సింది కార్డు ఫ్యాన్లకు ఎదురుగా జాలీ ఉందా, గాజు పలక ఉందా అని. గాజైతే ఊపిరాడదు.

టైమ్‌లైన్: ఎడిటింగ్ సంగతి ఇద్దరూ వదిలేశారు. కెమెరా 4:2:2 10-బిట్ హెచ్.265లో (రంగుల వివరం 4:2:0 కంటే ఎక్కువగా ఉంచే వీడియో ఫార్మాట్) తీస్తుంటే ఆ ఫైళ్లను 780ఎమ్ గానీ 4060 గానీ హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేవు (విప్పి చూపలేవు). భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడి టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది. ఇంటెల్ ఐ5-13500 ప్రాసెసర్‌లోని యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్ ఆ పని చేస్తుంది. చివర 'ఎఫ్' ఉన్న మోడల్ కొనకండి, అందులో గ్రాఫిక్స్ ఉండదు. 4:2:0లో తీస్తే ఈ గొడవే లేదు.

కొత్తబిల్డ్: మా కెమెరా 4:2:2యే అండి. అయితే 13500, 4060 కలిపి ఈ కేసులో పెట్టొచ్చా?

వాట్‌మీటర్: 4:2:2 అయితే 7600 మాట వెనక్కి తీసుకుంటున్నాను. 13500 టర్బోలో 154 వాట్ల దాకా లాగుతుంది, పొట్టి కూలర్ దానికి తట్టుకోదు. బయాస్‌లో పీఎల్2ను (టర్బోలో వాడే కరెంటు పరిమితిని) 90 వాట్లకు కట్టేయండి. కార్డు పెట్టగానే లోపలి గ్రాఫిక్స్‌ను కొన్ని బోర్డులు ఆపేస్తాయి, అది పనిచేయాలంటే బయాస్‌లో మల్టీ మానిటర్ ఆప్షన్ ఆన్ చేసి ఉంచాలి. కార్డు కొనేముందు పొడవు ఒక్కటే చూడకండి, కార్డుకి కరెంటిచ్చే 8-పిన్ కేబుల్ వంగే చోటు కూడా టేపుతో కొలవండి.