వాల్యూమ్ పెరిగితే ఒడుదొడుకులు పెరుగుతాయా? నా ఎక్సెల్ షీటు ఒప్పుకోవట్లేదు

ప్రశ్న:
నిఫ్టీ 500 షేర్ల రోజువారీ డేటా చూస్తున్నాను. వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) పెరిగిన రోజు హై (గరిష్ఠ ధర)కీ లో (కనిష్ఠ ధర)కీ మధ్య తేడా కూడా పెరుగుతోంది, బాగానే ఉంది. కానీ కొన్ని రోజులు వాల్యూమ్ ఐదారు రెట్లున్నా ధర ఒక శాతం కదల్లేదు. ఇంకొన్ని రోజులు పెద్దగా ట్రేడులే లేకుండా ధర ఎగిరి కూర్చుంది. లెక్క ఎక్కడ తప్పింది?

జవాబు 1:
లెక్క తప్పలేదండి. ఆర్డర్ ఎంత పెద్దదన్నదే కాదు, దానికి ఎదురుగా ఎంత సరుకుందన్నదీ చూడాలి. అమ్మకం వైపు 500 దగ్గర 200 షేర్లు, 500.50 దగ్గర 300, 502 దగ్గర 500 ఉన్నాయనుకోండి. 1,000 షేర్లకు మార్కెట్ ఆర్డర్ (ఉన్న ధరకే కొనేసే ఆర్డర్) కొడితే మూడు మెట్లూ ఖాళీ. సగటు 501.15, చివరి ట్రేడు 502. అదే 500 దగ్గరే పదివేలు ఉంటే ధర కదలదు, వాల్యూమ్ మాత్రం అదే 1,000. ట్రేడుల్లేకుండా ఎగిరినవి ఆ రోజుకు ధర పెరగగల పరిమితి, అంటే అప్పర్ సర్క్యూట్‌లో లాకైనవేమో చూడండి. అక్కడ కొనేవాళ్ల క్యూ తప్ప అమ్మేవాడు ఉండడు.

జవాబు 2:
వాల్యూమ్‌ను లిక్విడిటీ (ధర పెద్దగా కదలకుండా కొని అమ్మగల వీలు) అనుకుంటే ఏమవుతుందో 2010 మే 6న అమెరికా మార్కెట్ నిమిషాల్లో కుప్పకూలినప్పుడు తేలింది. 75,000 ఈ-మినీ ఫ్యూచర్లు (ఎస్&పీ 500 సూచీ మీద కాంట్రాక్టులు) అమ్మే అల్గారిథమ్‌కు ఇచ్చిన సూచన ఒక్కటే: గత నిమిషం వాల్యూమ్‌లో 9 శాతం అమ్ము. ధర చూడమని చెప్పలేదు. హైఫ్రీక్వెన్సీ వాళ్లు (కంప్యూటర్లతో మెరుపు వేగంతో ట్రేడు చేసేవాళ్లు) అవే కాంట్రాక్టులు ఒకరికొకరు అంటగట్టుకున్నారు. 14 సెకన్లలో 27,000కు పైగా చేతులు మారితే, నికరంగా కొన్నవి సుమారు 200! వాల్యూమ్ ఉబ్బేకొద్దీ ఆ ప్రోగ్రాం ఇంకా వేగంగా అమ్మింది.

జవాబు 3:
షీటు సంగతి. హైని లోతో భాగించి, సహజ లాగ్ తీసి, 1.665తో భాగించండి. అది రోజు ఒడుదొడుకులు కొలిచే పార్కిన్సన్ పద్ధతి. దీనికి రాత్రి గ్యాప్ (నిన్నటి ముగింపుకీ ఇవాళ్టి ప్రారంభానికీ మధ్య తేడా) కనపడదు. రోజంతా సర్క్యూట్‌లో ఒకే ధర ఉంటే సున్నా చూపిస్తుంది, అలాంటి రోజులు తీసేయండి. షేర్ల సంఖ్య బదులు రూపాయల టర్నోవర్ వాడండి, లేకపోతే 1:1 బోనస్ (ఒక షేరుకు ఇంకొకటి ఉచితం) తర్వాత వాల్యూమ్ ఊరికే రెట్టింపైనట్టుంటుంది. ఆ టర్నోవర్‌ను గత 20 రోజుల మీడియన్‌తో భాగించండి. మీడియన్ అంటే వరుసలో మధ్య విలువ. సగటు వద్దు, ఒక్క పెద్ద డీల్ దాన్ని చెడగొడుతుంది. బ్లాక్ డీల్ విండో (పెద్ద ట్రేడులకు విడిగా ఇచ్చే సమయం) ట్రేడులు, ఎక్స్ఛేంజీ రోజూ ఇచ్చే ధరల ఫైలైన భావ్‌కాపీలో బీఎల్ సిరీస్‌లో విడిగా వస్తాయి, మీ డేటాలో కలిసిపోయాయేమో చూసుకోండి.

పక్కనే ట్రేడుల సంఖ్య కాలమ్ కూడా పెట్టండి. జోన్స్, కౌల్, లిప్సన్ అనే పరిశోధకులు 1994లో నాస్‌డాక్ షేర్ల మీద చూసింది ఇదే: ఒడుదొడుకులతో ముడిపడింది ట్రేడుల సంఖ్య, ట్రేడు సైజు కలిపితే అదనంగా తెలిసింది దాదాపు ఏమీ లేదు.

ప్రశ్న అడిగినవారు:
బీఎల్ ఈక్యూతో (మామూలు ట్రేడుల సిరీస్‌తో) కలిసే ఉందండి. విడదీసి మళ్లీ వేస్తాను.