తూరు, సీదోను: ఒకే అక్షరానికి రెండు పలుకులు ఎందుకు?

తెలుగు బైబిలులో జంటగా వినిపించే తూరు, సీదోను పట్టణాల పేర్ల గురించి ఇక్కడ ఒక సభ్యులు అడిగిన ప్రశ్న చాలా విలువైనది. హీబ్రూలో ఈ రెండు పేర్లూ ‘సాదె’ అనే ఒకే అక్షరంతో మొదలవుతాయి కదా, తెలుగులో ఒకటి తకారంతోనూ మరొకటి సకారంతోనూ ఎందుకు వచ్చాయి? అరబ్బీలో నేటికీ ‘సూర్’ అనే అంటున్నారు కనుక ‘తూరు’ను దిద్దుకోవాలా? దిద్దనక్కరలేదనీ, గ్రీకు ‘తూరోస్’ మీదుగా వచ్చిన ఆ తకారంలో ఊరి పేరుకున్న మరింత పాత ఉచ్చారణ జాడ ఉందనీ నా అభిప్రాయం.

ఆ పేరుకు అర్థం ‘బండ’. నేటి లెబనాన్ దక్షిణ తీరంలో, ఒడ్డుకు కొద్ది దూరాన సముద్రంలో ఉన్న రాతి ద్వీపం మీద ఈ ఊరు వెలసింది. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు ముట్టడి కోసం రాళ్లు, మట్టి పోసి కట్ట వేయించిన తరువాత, దానికి ఇసుక మేట వేసి, ద్వీపం క్రమంగా ఒడ్డుకు కలిసిపోయింది. శత్రువుల నుంచి సముద్రమే కాపాడిన ఈ ఊరికి మంచినీళ్లకు మాత్రం కటకటగా ఉండేది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో తూరు పాలకుడు అబిమిల్కు ఈజిప్టు ఫారోకు రాసిన మట్టిపలకల లేఖలు ఈజిప్టులోని అమర్నాలో దొరికాయి. ఒడ్డున ఉన్న ఉషు పట్టణాన్ని సీదోను పాలకుడు ఆక్రమించాడనీ, తాగడానికి నీళ్లూ, వంటకు కట్టెలూ లేక అల్లాడుతున్నామనీ వాటిలో మొరపెట్టుకున్నాడు.

ఇక ధ్వని సంగతి. హీబ్రూ, అరబ్బీ, అరామిక్ వంటి సెమిటిక్ కుటుంబ భాషలను పోల్చి చూసిన పండితుల వివరణ ప్రకారం, పూర్వం రెండు వేర్వేరు హల్లులుండేవి. ఫినీషియన్ (తూరు, సీదోను వారి భాష), హీబ్రూ భాషలలో అవి కలిసిపోయి ఒకే సకారమయ్యాయి. అరామిక్‌లో వాటిలో ఒకటి తకారం వైపు జరిగింది. అరబ్బీ మాత్రం రెండింటినీ విడివిడిగానే నిలుపుకుంది; అయితే ఊరి పేరు ‘సూర్’ అరబ్బీకి ధ్వనులు కలిసిపోయిన తరువాతి స్థానిక రూపంలోనే చేరింది. మధ్యాహ్న నమాజును సూచించే ‘జుహర్’ మాటను చూడండి: అరబ్బీలో జకారంగా మనకు వినిపించే ఆ హల్లుకు హీబ్రూ ‘సొహొరాయిమ్’లో సకారమూ, అరామిక్ ‘తిహరా’లో తకారమూ ఉన్నాయి, మూడింటికీ అర్థం మధ్యాహ్నమే. బండ అనే అర్థం గల హీబ్రూ ‘సూర్’, కొండ అనే అర్థం గల అరామిక్ ‘తూర్’ కూడా ఇలాంటి జంటే. ఖురానులో వచ్చే తూర్ పర్వతం పేరు ఈ అరామిక్ మాటకు చెందినదే. సీదోను పేరులో ఉన్నది మొదటినుంచీ అసలైన సకారం. రెండు హల్లులూ ఇంకా కలిసిపోకముందే గ్రీకులు ఈ పేర్లు విన్నారు కనుక ఒకదాన్ని తకారంతో, రెండోదాన్ని సకారంతో పలికారు. లాటిన్‌లో ఇదే ఊరికి ‘సర్రా’ అనే మరో పేరు ఉండటం ఈ వాదనకు బలమిస్తుంది. అది ధ్వనులు కలిసిపోయిన తరువాత చేరిన రూపం.

ఆ లాటిన్ రూపం ఉత్తర ఆఫ్రికా తీరంలోని కార్తేజి నగరం వారి నోట విన్నదే కావచ్చు. సంప్రదాయ గణన ప్రకారం తూరు వారు క్రీ.పూ. 814లో కార్తేజిని స్థాపించారు. దానికి ముందు, క్రీ.పూ. 10వ శతాబ్దంలో, తూరు రాజు హీరాము సొలొమోను మందిరానికి దేవదారు మ్రానులు పంపి, బదులుగా గోధుమలు, నూనె తీసుకున్నాడని రాజుల మొదటి గ్రంథం చెబుతుంది. పంటపొలాలకు చోటు లేని రాతి ద్వీపానికి తిండిగింజలు వ్యాపారం వల్లనే రావాలి. తూరు వారు ఓడల మీద అంత దూరాలు వెళ్లడానికి ఇదొక ముఖ్య కారణమని నేను గట్టిగా నమ్ముతాను. సముద్రపు నత్తల నుంచి తీసిన ఊదారంగు అద్దకం వారికి ధనంతో పాటు కీర్తినీ తెచ్చింది. లాటిన్ కవులు ఆ రంగును ‘సర్రా’ పేరుతోనే వర్ణించారు.

కాబట్టి ప్రాచీన నగరం గురించి రాసేటప్పుడు ‘తూరు’ అనీ, నేటి లెబనాన్ పట్టణం గురించి రాసేటప్పుడు ‘సూర్’ అనీ వాడటం సబబని నా సూచన. పత్రికలలో కనిపించే ‘టైర్’ చదువరికి బండి చక్రాన్నే గుర్తుచేస్తుంది కనుక దాన్ని విడిచిపెట్టడం మేలు.